కాలువ గట్టు మీద పరుగెత్తే ఆ పిల్లకి ఏం చెబుదాం?
గోదావరి డెల్టా మాజీ సైనికులకు ఒక బహిరంగ లేఖ

సంఘం అధ్యక్షులకి, కార్యదర్శిగారికి, అత్తిలి నుంచి నర్సాపురం దాకా, మండపేట నుంచి రాజోలు దాకా ఉన్న మన మాజీ సైనికులందరికీ జైహింద్.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు. ఇరవై ఆరేళ్ల సర్వీసు, క్లర్కుగా చేరి సుబేదారుగా దిగిపోయాను. తుపాకీ కంటే టైపు మిషనే ఎక్కువ పేల్చాడని క్యాంటీన్ క్యూలో నన్ను ఏడిపిస్తుంటారు, నిజమే, కాదనను. కానీ ఈ ఉత్తరం ఇవాళ రాస్తున్నది ఆ టైపు మిషను వల్లే.

పోయిన నెల మన మీటింగు గుర్తుందా? పెన్షన్ సంగతి అయిపోయింది, మన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌లో మందులు దొరకట్లేదన్న గొడవ అయిపోయింది, ఇక భోజనాలకి లేద్దామనుకుంటుంటే వెనక కుర్చీల దగ్గర నిలబడ్డ ఒకాయన చెయ్యెత్తాడు. మన సభ్యుడు కాదు. రొయ్యల చెరువు మీద కాపలా పని చేసుకుంటాడు, ఎవరో తీసుకొచ్చారు. వాళ్ల అమ్మాయి ఇంటర్ అయిపోయింది, మిలటరీ పోలీసులో అగ్నివీర్‌గా వెళ్లాలని తెల్లారగట్ల నాలుగున్నరకే కాలువ గట్టు మీద పరుగు ప్రాక్టీసు చేస్తోందట. ఆ గట్టు మీద దీపాలుండవు కాబట్టి తమ్ముడు సైకిల్ మీద టార్చి పట్టుకుని వెనకాలే వెళ్తాడట. ఇదంతా చెప్పి ఆయన అడిగింది ఒక్కటే. "అయ్యా, మీరందరూ లోపల చేసొచ్చినోళ్లు. అక్కడ పెద్దాఫీసరే పిల్లతో తప్పుగా ప్రవర్తిస్తే మా అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలండి?"

హాలంతా నిశ్శబ్దం. తర్వాత మనలో ఒకాయన, పేరెందుకులెండి, "ఆర్మీలో అలాంటివి ఉండవయ్యా, ధైర్యంగా పంపు" అన్నాడు. నలుగురు తలూపారు. ఇంతలో పులిహోర బేసిను వచ్చింది, అందరం లేచాం. నేనూ లేచాను. నేనూ నోరు మెదపలేదు. అడిగినాయన మాత్రం భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు, మీరు చూశారో లేదో.

అబద్ధం చెప్పాం అన్నా ఆ రోజు. ఉండవని మనకి తెలిసి చెప్పలేదు, ఉంటాయని తెలిసే చెప్పాం.

నాకెలా తెలుసంటే, ఒక కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో, అంటే సైన్యం లోపల జరిగే విచారణలో, స్టేట్‌మెంట్లు టైపు చేసింది నేను. ఏ యూనిట్టో, ఏ ఊరో చెప్పను. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చిన కొత్తలు, అంటే 1997 తర్వాతి మాట. (ఆ విశాఖ మన వైజాగ్ కాదు, కేసు వేసిన ఒక మహిళా సంస్థ పేరు. నేనూ చాలాకాలం వైజాగ్ అనే అనుకున్నాను.) ఫిర్యాదు చేసింది ఒక నర్సింగ్ ఆఫీసరు, లెఫ్టినెంటు, పాతికేళ్లుంటాయేమో. ఎవరి మీదంటే కల్నల్ స్థాయి అధికారి మీద. ప్రిసైడింగ్ ఆఫీసరు, ఇద్దరు మెంబర్లు, మూలన నేను, నా ముందు మిషను, మూడు కార్బన్ కాగితాలు.

ఆమెని అడిగారు, "రాత్రి తొమ్మిది గంటలకి ఆయన ఆఫీసుకి ఎందుకు వెళ్లావు?" అని. ఆమె, "నన్ను పిలిపించారు సర్, అందుకే వెళ్లాను" అంది. నేను టైపు కొట్టబోతుంటే ప్రిసైడింగ్ ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టి, "అంత వద్దు సాబ్, రాత్రి తొమ్మిదికి ఆఫీసుకి వెళ్లాను అని కొట్టు చాలు" అన్నాడు. కొట్టాను. "పిలిపించారు" అన్న మాట ఎగిరిపోయింది. సాయంత్రం ఆ కాగితం సంతకానికి ఆమె ముందు పెట్టారు. ఆమె చదివింది. ఆ లైను దగ్గర ఆగింది. తలెత్తి చూసింది ప్రిసైడింగ్ ఆఫీసరు వైపు కాదు, నా వైపు. తర్వాత సంతకం పెట్టేసింది.

ఆ కల్నల్ తప్పు చేశాడో లేదో నాకు తెలియదు, నేనేమీ చూడలేదు. కానీ ఆ ఒక్క మాట తీసేశాక ఇంకెవరికీ తెలిసే దారి కూడా లేకుండా పోయింది. ఆయనకి "సివియర్ డిస్‌ప్లెజర్" అని ఒక కాగితం వచ్చింది, అంటే పైవాళ్లకి చాలా అసంతృప్తి కలిగిందని అర్థం. ఆమెకి రెండు నెలల్లో పోస్టింగ్ వచ్చింది, దేశానికి ఆ చివర. ఆ మూవ్‌మెంట్ ఆర్డరు కూడా నేనే టైపు చేశాను. ఆయన టైముకి రిటైరయ్యాడు, మెస్సులో సెండాఫ్ పార్టీ కూడా ఘనంగానే జరిగింది.

మనకి కాలువల భాషలో చెబితే తొందరగా ఎక్కుతుంది. ఎగువనున్న పెద్ద రైతు రాత్రికి రాత్రి గట్టుకి గండి కొట్టి నీళ్లు లాగేసుకుంటాడు, శివారు భూములు ఎండిపోతాయి. ఫిర్యాదు ఇస్తే విచారించేది నీటి సంఘం అధ్యక్షుడు, ఆయన ఆ పెద్ద రైతుకి వియ్యంకుడు. కాలువ కాపలా చూసే లస్కరు చూశాడు, కానీ లస్కరు నోరు విప్పడు, ఉద్యోగం ఉండాలిగా. ఆ ఎంక్వయిరీలో నేను లస్కరుని.

ఇప్పుడు చట్టం సంగతికి వస్తాను. కొంచెం ఓపిక పట్టండి, సర్వీసంతా మన మీద స్వారీ చేసిన చట్టమే ఇది.

జవాను తప్పు చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. సమ్మరీ కోర్ట్ మార్షల్. సొంత కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే జడ్జి. పక్కన ఇంకో ఇద్దరు కూర్చుంటారు గానీ వాళ్లకి ఓటు లేదు. ఆ సీఓ లెఫ్టినెంట్ కల్నల్ గానీ ఆపైన గానీ అయితే ఏడాది వరకు జైలు వేయొచ్చు, సర్వీసు నుంచి పీకేయొచ్చు, మామూలుగా అయితే పైనుంచి కన్ఫర్మేషన్ కూడా అక్కర్లేదు, శిక్ష అప్పుడే అమలు. పొద్దున మొదలై లంగరులో, అంటే జవాన్ల వంటశాలలో, అన్నం గంట కొట్టేలోపు ముగిసిపోయినవి నా చేత్తో టైపు చేశాను. బూటు పాలిష్ దగ్గర్నుంచి సెలవు నుంచి లేటుగా రావడం దాకా మనకి క్షణాల్లో న్యాయం జరిగిపోయేది.

అదే ఆఫీసరైతే సమ్మరీ కోర్ట్ మార్షల్ కుదరదు. ముందు కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, తర్వాత సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ (సాక్ష్యాలు రాసుకోవడం), తర్వాత జనరల్ కోర్ట్ మార్షల్. అందులో కూర్చునే కనీసం అయిదుగురు ఆఫీసర్లూ వీలైనంతవరకు నిందితుడి ర్యాంకుకి తగ్గనివాళ్లు అయ్యుండాలి. ర్యాంకు పెరిగేకొద్దీ ఆ ర్యాంకులో ఉండేది ఎంతమంది? లెక్కపెడితే పది పదిహేను మంది బ్యాచ్‌మేట్లు తేలతారు, ఒకే అకాడమీలో ఒకే బ్యారక్‌లో పడుకున్నవాళ్లు. వాళ్లు తీర్పు చెప్పాక కూడా పై అధికారి కన్ఫర్మ్ చేసేదాకా అది తీర్పు కాదు. నిందితుడి హక్కులు కాపాడుతున్నందుకు నాకేమీ బాధ లేదండి, కాపాడాల్సిందే. ఆర్మీ రూల్స్‌లో 180వ రూలు ప్రకారం ఎవరి ప్రవర్తన మీద మచ్చ పడుతోందో ఆయన్ని ఎంక్వయిరీలో కూర్చోబెట్టాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి, అది ధర్మం. నా బాధల్లా ఆ ధర్మంలో నాలుగో వంతు కూడా జవానుకి దొరకదు, ఫిర్యాదు చేసిన ఆడపిల్లకి అసలే దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆర్మీ చట్టం 125వ సెక్షన్. ఒక నేరం మామూలు కోర్టులోనూ, కోర్ట్ మార్షల్‌లోనూ కూడా నడిచేదైతే, ఎక్కడ నడపాలో ఎంచుకునేది ఎవరు? ఆర్మీ, కోర్, డివిజన్ కమాండరో, ఇండిపెండెంట్ బ్రిగేడ్ కమాండరో. ఫిర్యాదు చేసినామెని అడగక్కర్లేదు. మామూలు కోర్టు పట్టుబడితే కేంద్ర ప్రభుత్వం దాకా వెళ్లొచ్చు, అది వేరే సంగతి. బాధితురాలు సైన్యానికి బయటి మనిషై, నేరం అత్యాచారమైతే 70వ సెక్షన్ ప్రకారం మామూలుగా బయట కోర్టుకే వెళ్లాలి. అందులోనూ యాక్టివ్ సర్వీసు, సరిహద్దు పోస్టు, విదేశం అని మినహాయింపులున్నాయి. బాధితురాలు లోపలి మనిషే అయితే, అంటే రేపు ఆ రొయ్యల చెరువు ఆయన కూతురే అయితే, ఎంపిక మళ్లీ కమాండరు గారి చేతిలోనే.

2021లో కోయంబత్తూరులోని ఎయిర్‌ఫోర్సు కాలేజీలో ఒక మహిళా అధికారి, తోటి ఫ్లైట్ లెఫ్టినెంటు మీద అత్యాచారం ఫిర్యాదు పెట్టింది. లోపల న్యాయం జరగట్లేదని పోలీసుల దగ్గరికి వెళ్లింది. సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టిన రెండు వేళ్ల పరీక్ష తనకి చేశారని కూడా ఆరోపించింది, అలాంటిదేమీ చేయలేదని ఎయిర్‌ఫోర్సు అంది. అక్కడి కోర్టు చివరికి నిందితుణ్ణి కోర్ట్ మార్షల్ కోసం ఎయిర్‌ఫోర్సుకే అప్పగించింది. అతనేమీ పెద్ద ర్యాంకు కూడా కాదు. 2024లో శ్రీనగర్‌లో ఇంకో ఫ్లయింగ్ ఆఫీసరు, వింగ్ కమాండర్ మీద బుద్గాం పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టింది. లోపలి విచారణ తనకి న్యాయం చేయలేదన్నదే ఆమె గోడు కూడా. ఆయనకి హైకోర్టు ముందస్తు బెయిలు ఇచ్చింది. ఇవి ఆరోపణలే, తీర్పులు కావు, కాదనను. కానీ ఇద్దరూ కమిషన్డ్ ఆఫీసర్లు, చదువుకున్నవాళ్లు, యూనిఫాంలో ఉన్నవాళ్లు. వాళ్లే లోపల నమ్మకం చాలక స్టేషన్ మెట్లెక్కారంటే మన అగ్నివీర్ పిల్ల ఏ మెట్లెక్కుతుంది?

పెద్దవాళ్లకి శిక్షే పడదని నేననను. అస్సాం రైఫిల్స్‌లో ఐజీగా ఉన్న ఒక మేజర్ జనరల్ మీద, కెప్టెన్ ర్యాంకు మహిళా అధికారి ఫిర్యాదు చేసింది. ఘటన 2016 నాటిదని ఆరోపణ. 2018 డిసెంబరులో జనరల్ కోర్ట్ మార్షల్ డిస్మిస్ చేయమంది, 2019లో ఆర్మీ చీఫ్ ఆమోదించారు. ఆయన మాత్రం తాను చేయలేదనే అన్నారు. సరే, మేజర్ జనరల్‌ని కూడా ఇంటికి పంపారు కదా అని మీలో కొందరు అంటారు. నిజమే, సెల్యూట్. కానీ అన్నా, అది ఎంత అరుదో మీరే చెప్పండి, అరుదు కాబట్టే దేశంలో పేపర్లన్నీ రాశాయి. పైగా ఆ కెప్టెన్ లా చదువుకున్న ఆఫీసరు, జాగ్ బ్రాంచ్, అంటే సైన్యం న్యాయ విభాగం. చట్టం అరచేతిలో ఉన్నామెకే రెండున్నరేళ్లకు పైగా పట్టింది.

ఇంకో మెలిక గడువుది. ఆర్మీ చట్టం కింద నేరం జరిగిన రోజు నుంచో, బాధితులకో చర్య తీసుకోగల అధికారికో తెలిసిన రోజు నుంచో మూడేళ్లు దాటితే కోర్ట్ మార్షల్ లేదు. ఇలాంటి నేరం బాధితురాలికి ఆ రాత్రే తెలుస్తుంది కదా, ఇక లెక్క ఆ రాత్రి నుంచే. రిటైరైనవాణ్ణయితే దిగిపోయిన మూడేళ్లలోపే విచారణ మొదలవ్వాలి. ఏసీఆర్, అంటే ఏటేటా పనితీరు రిపోర్టు, రాసే చెయ్యి ఆ పై అధికారిది, సెలవు ఇచ్చే చెయ్యి ఆయనది, పోస్టింగ్ చూసే చెయ్యి ఆయనది. ఆమె ఆ చేతుల కింద నుంచి బయటపడి, పెళ్లై, అత్తింట్లో చెప్పాలా వద్దా అని టెన్షన్ పడి, చివరికి ధైర్యం తెచ్చుకునేసరికి మూడేళ్లు ఎప్పుడో గోదాట్లో కలిసిపోతాయి. అత్యాచారం కేసుకి బయట కోర్టులో గడువే లేదు.

పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది కదా, ఇంటర్నల్ కమిటీ ఉంది కదా అంటారు. ఉంది. అది సైన్యానికీ వర్తిస్తుంది. మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు, తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. అందులో ఒక మంచి ముక్క ఉంది, విచారణ నడుస్తున్నప్పుడు బాధితురాలు రాతపూర్వకంగా కోరితే ఆమెనో, ఎదుటివాణ్ణో బదిలీ చేయమని కమిటీ సిఫార్సు చేయొచ్చు. ఆమె కోరితే. నేను టైపు చేసిన మూవ్‌మెంట్ ఆర్డరు ఆమె కోరినది కాదు. కమిటీ అధ్యక్షురాలు ఎంత పెద్ద ర్యాంకైనా, నిందితుడు ఆ స్టేషన్‌కే కమాండరైతే ఆమె ఏసీఆర్ ఎటు తిరిగి ఎవరి బల్ల మీదికి చేరుతుందో మీకు నేను చెప్పాలా?

మనొక్కళ్లమే ఇలా ఉన్నామని కాదు, పైదేశాల్లోనూ ఇదే బాగోతం. కెనడాలో 2015లో జనరల్ జొనాథన్ వాన్స్ సైన్యాధిపతిగా వచ్చి, సైన్యంలో లైంగిక దుష్ప్రవర్తనని ఏరిపారేస్తానని "ఆపరేషన్ ఆనర్" మొదలుపెట్టాడు. 2021లో ఆయన మీదే ఆరోపణలు వచ్చాయి. 2022లో దర్యాప్తుకి అడ్డుపడ్డానని ఆయనే కోర్టులో ఒప్పుకున్నాడు. పడింది ఎనభై గంటల సమాజ సేవ. అదే ఏడాది అక్కడి సుప్రీంకోర్టు మాజీ జడ్జి లూయీజ్ ఆర్బర్ రిపోర్టు ఇస్తూ, లైంగిక నేరాలు సైనిక కోర్టుల చేతిలోంచి తీసేసి మామూలు కోర్టులకి ఇవ్వమంది. అమెరికాలో అయితే 2023 డిసెంబరు చివరి నుంచి ఇలాంటి కేసు నడపాలా వద్దా అన్నది కమాండరు చేతిలోంచి తీసేసి, విడిగా పెట్టిన ప్రాసిక్యూటర్ల చేతికి ఇచ్చారు. ఆ దేశం క్రమశిక్షణ అక్కడితో కూలిపోలేదు.

మన దగ్గర కూడా ఈ మాట కొత్త కాదు. 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో రిపోర్టు ఇచ్చి, సైనికులు ఆడవాళ్ల మీద చేసే లైంగిక నేరాల్ని మామూలు క్రిమినల్ చట్టం కిందికే తేవాలంది. అందులో కొంత తీసుకున్నారు, ఈ ముక్క వదిలేశారు.

ఇక మీ అభ్యంతరాలు. చాలావరకు నాకు ముందే తెలుసు, ఎందుకంటే చాలా ఏళ్లు అవి నావే. సైన్యం పరువు పోతుందంటారు. పరువు తీసేది తప్పు చేసినవాడా, తప్పు జరిగిందని చెప్పిన ఆడపిల్లా? అబద్ధపు కేసులు పెడతారంటారు. పెట్టొచ్చు, అందుకే విచారణ సరిగ్గా ఉండాలంటున్నాను. మాటలు ఎగరగొట్టిన స్టేట్‌మెంటుతో నిర్దోషికి కూడా న్యాయం జరగదు, "ఏదో సర్దేశారులే" అన్న మచ్చ బతుకంతా అంటుకునే ఉంటుంది. ముప్పై అయిదేళ్లు దేశానికి సేవ చేసినాయన్ని ఒక్క ఫిర్యాదుతో కూల్చేస్తారా అని ఒకాయన ఫోన్‌లో అడిగాడు. అన్నా, పద్దెనిమిదేళ్లు సర్వీసు చేసిన మన నాయక్‌ని రెండు రమ్ము సీసాల కేసులో పెన్షన్ లేకుండా ఇంటికి పంపినప్పుడు ఆ సేవ ఎవరికి గుర్తొచ్చింది?

తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది కదా, మిలటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకణ్ణి పంపిన ఊరు. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద తీసుకెళ్లి అక్కడి స్తూపం చూపించాడు. మన జిల్లాల్లో సైన్యమంటే మగపిల్లల మాట అప్పుడు. ఇప్పుడు 2020లో ఆడవాళ్లకి పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంటు దాకా ఆఫీసరుగా కొనసాగే వీలు) తీర్పు వచ్చింది, 2021లో మొదటి మహిళా మిలటరీ పోలీసు బ్యాచ్ 83 మంది బయటికొచ్చారు, 2025 మేలో ఎన్డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి తొలిసారి 17 మంది అమ్మాయిలు పాసయ్యారు. కాలువ గట్ల మీద పొద్దున్నే చూడండి, మగపిల్లలతో పాటు ఎంతమంది ఆడపిల్లలు పరుగెత్తుతున్నారో. గేటు తీశాం, పిల్లల్ని పంపుతున్నాం, లోపల తాళం చెవి మాత్రం పాత చేతిలోనే ఉంది.

కాబట్టి మన సంఘం తరఫున ఒక తీర్మానం చేసి మన ఎంపీలకి, పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి పంపుదామని నా ప్రతిపాదన. లైంగిక నేరం ఆరోపణ వస్తే కేసు నడపాలా వద్దా, ఎక్కడ నడపాలన్నది నిందితుడి కమాండ్‌కి సంబంధం లేని చేతిలో ఉండాలి, ముఖ్యంగా నిందితుడు కల్నల్, ఆపై ర్యాంకు అయినప్పుడు. స్టేట్‌మెంట్లు వీడియో తీయాలి, నాలాంటి క్లర్కు చేతిలో ఏ మాటా ఎగిరిపోకుండా. ఆ మూడేళ్ల గడువు ఈ నేరాలకి ఎత్తేయాలి. ఫిర్యాదు చేసినామె అడగకుండా ఆమెకి పోస్టింగ్ వేయకూడదు. ఏటా ఏ ర్యాంకువాళ్ల మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఏమయ్యాయో పార్లమెంటు ముందు పెట్టాలి, పేర్లక్కర్లేదు, అంకెలు చాలు. ఇందులో దేశ రహస్యమేమీ లేదు. ఇంకా ఏమన్నా తోస్తే మీరు కలపండి, ఇది ఎక్కువైందంటే కొట్టేయండి, కానీ చర్చకి పెట్టకుండా పులిహోర తెప్పించకండి.

ఒక మాట సొంతంగా. ఆ నర్సింగ్ ఆఫీసరు ఈపాటికి రిటైరై ఉంటుంది. ఈ ఉత్తరం ఆమె చదివే అవకాశం తక్కువ, తెలుగు ఆమెకి రాదు. చదివితే, నాకు ఆ మాట వినిపించిందమ్మా. "నన్ను పిలిపించారు సర్" అన్నారు మీరు. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే సంతకం పెట్టి చెబుతాను.

అధ్యక్షా, వచ్చే నెల రెండో ఆదివారం మీటింగులో నాకు పది నిమిషాలు ఇప్పించండి, పెన్షన్ సంగతికి ముందే. ఆ చెరువు కాపలా ఆయనకి నేనే ఫోన్ చేశాను, ఈసారి అమ్మాయిని కూడా తీసుకొస్తానన్నాడు. వాళ్లిద్దరికీ ముందు వరసలో కుర్చీలు వేయించే పని నాది.

ఇట్లు,
మీలో ఒకడు
రిటైర్డ్ సుబేదార్ (క్లర్క్)